ప్రశ్నలు–జవాబులు: నిమ్మగడ్డి నూనె క్రిములను చంపుతుందా?

ప్రశ్న: ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ప్రాజెక్టుకు నిమ్మగడ్డి నూనెను డిస్కు పద్ధతిలో (నూనె వేసిన చిన్న కాగితపు బిళ్లను బ్యాక్టీరియా పూసిన ప్లేటు మీద పెట్టి) పరీక్షించాను. 10 మైక్రోలీటర్ల నూనెకు స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా ప్లేటులో 28 మి.మీ. జోన్ (డిస్కు చుట్టూ క్రిములు పెరగని వలయం) వచ్చింది. పక్కనున్న జెంటామైసిన్ డిస్కుకు 21 మాత్రమే. సూడోమోనాస్ అనే మరో బ్యాక్టీరియా మీద నూనెకు 6 మి.మీ. వచ్చింది. యాంటీబయాటిక్ కన్నా నూనే బలమైనదని రాయొచ్చా?
– విద్యార్థిని, వరంగల్

జవాబు: రాయకండి. ముందు ఆ 6 మి.మీ. సంగతి చూద్దాం. డిస్కు అడ్డకొలతే 6 మి.మీ. కదా! అంటే జోన్ రాలేదన్నమాట. సూడోమోనాస్ బయటి పొర నూనెను సులువుగా లోపలికి రానివ్వదు. కాస్త చొరబడినా పంపుల్లాంటి ప్రొటీన్లు బయటికి తోసేస్తాయి.

ఇక పోలిక. జెంటామైసిన్ డిస్కులో ఉండే మందు 10 మైక్రోగ్రాములు. మీరు వేసిన నూనె తూకం సుమారు 8,800 మైక్రోగ్రాములు. దాదాపు 880 రెట్లు వేసి 7 మి.మీ. ఎక్కువొచ్చిందంటే అది గెలుపు కాదు. పైగా మందు అగార్‌లోని (ప్లేటులో బ్యాక్టీరియా పెరిగే జెల్లీలోని) తడిలో పాకుతుంది. నూనె నీళ్లలో కలవదు, ఆవిరై మూత కింద ప్లేటంతా పరుచుకుంటుంది. పక్క డిస్కు కొలత కూడా దానివల్ల చెడుతుంది. నూనెకు వేరే ప్లేటు పెట్టాల్సింది.

బలం తేలాలంటే ఎంఐసి, అంటే బ్యాక్టీరియా పెరుగుదలను ఆపే అతి తక్కువ మోతాదు, చూడండి. 0.5 శాతం ట్వీన్ 80 (నూనెను నీళ్లలో కలిపే పదార్థం) కలిపిన బ్రాత్‌లో (బ్యాక్టీరియా పెరిగే ద్రవంలో) 2 శాతం నూనెతో మొదలుపెట్టి, 96 గుంతల ప్లేటులో సగం సగం పలుచన చేస్తూ గుంతకు 50 మైక్రోలీటర్లు ఉంచండి. 0.5 మెక్‌ఫార్లండ్ (బ్యాక్టీరియా సాంద్రతను మబ్బుదనంతో కొలిచే ప్రమాణం) కల్చర్‌ను 150 రెట్లు పలుచన చేసి, గుంతకు మరో 50 చేర్చండి. నూనె లేకుండా ట్వీన్, బ్యాక్టీరియా మాత్రమే ఉన్న గుంత ఒకటి తప్పనిసరి. లేకపోతే చంపింది నూనో ట్వీనో తేలదు. ఆవిరి పక్క గుంతల్లోకి పోకుండా ప్లేటుకు సీలు వేయండి. 35 డిగ్రీల దగ్గర 18 గంటలయ్యాక కంటితో చూసి నిర్ణయించకండి, నూనె తెల్లదనమే పెరుగుదలలా కనిపించి మోసం చేస్తుంది. 0.015 శాతం రెసజూరిన్ అనే నీలి రంగు 30 మైక్రోలీటర్లు వేసి గంటా రెండు గంటలు ఆగండి. గులాబీ రంగుకు తిరిగితే బ్యాక్టీరియా పెరిగినట్టు, నీలంగానే ఉంటే ఆగినట్టు. నీలం గుంతల నుంచి 10 మైక్రోలీటర్లు కొత్త ప్లేటు మీద వేస్తే చచ్చాయా, ఊరికే ఆగాయా అన్నదీ తెలుస్తుంది.

నూనెలో ఏ పదార్థం ఎంతుందో చెప్పే జీసీ (గ్యాస్ క్రొమటోగ్రఫీ) రిపోర్టు కూడా జతచేయండి. నూనెలోని ముఖ్య పదార్థమైన సిట్రాల్ ఎంతో చెప్పని ఎంఐసి మరొకరికి అక్కరకు రాదు.

ప్రశ్న: ఇల్లు తుడిచే బకెట్‌లో పది చుక్కల నిమ్మగడ్డి నూనె వేస్తున్నాం. క్రిములు పోతాయా?
– గృహిణి, ఏలూరు

జవాబు: వాసనకైతే భేషుగ్గా ఉంటుంది. పది చుక్కలంటే అర మిల్లీలీటరు, పది లీటర్ల నీళ్లలో 0.005 శాతం. ల్యాబులో గంటల తరబడి ఉంచినా చాలా ప్రయోగాల్లో దీనికి పది రెట్లు పైనే కావలసి వచ్చింది. నేల మీద తడి పది నిమిషాల్లో ఆరిపోతుంది, నూనేమో నీళ్ల పైన తేలుతుంది. ఇంట్లో వాంతులు, విరేచనాలు ఉంటే ముందు సబ్బునీళ్లతో కడిగి, లీటరు నీళ్లకు 5 శాతం బ్లీచ్ ద్రావణం 20 మి.లీ. కలిపి పది నిమిషాలు తడిగా ఉంచండి. అందులో నూనె గానీ, యాసిడ్ గానీ కలపొద్దు.

ప్రశ్న: ప్లాస్టిక్ సీసాలో పోసిన నూనె జిగురుగా మారింది. వాడొచ్చా?

జవాబు: వద్దు. ఈ నూనెలు కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తాయి. గాలి తగిలితే సిట్రాల్ చెడి, చర్మానికి దద్దుర్లు తెస్తుంది. గోధుమరంగు గాజుసీసాలో మూతదాకా నింపి చల్లటి చోట పెట్టండి. సగమయ్యాక చిన్న సీసాలోకి మార్చండి.