మునివేళ్ల మీద నడిచే బాబుకు ఇప్పుడే ఆపరేషన్ చేయించాలా?

ప్రశ్న: మాది కందుకూరు దగ్గర పల్లెటూరు. మా బాబుకు ఐదేళ్లు. ఏడో నెలలోనే పుట్టాడు. సెరెబ్రల్ పాల్సీ (సీపీ) అని చెప్పారు. మాటలు బాగానే వచ్చాయి కానీ కాళ్లు బిగుసుకుపోతాయి. వాకర్ పట్టుకుని మునివేళ్ల మీద నడుస్తాడు, మోకాళ్లు రాసుకుంటాయి. మడమ నరం కోసి వదులు చేస్తే సరిపోతుందని ఒక డాక్టర్ అన్నారు. పెద్దయ్యాక చూద్దాంలే అని మా అత్తగారు అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, బాబుకు ముందు ముందు ఆపరేషన్ అవసరం పడొచ్చు. కానీ ఈ వయసులో, అదీ మడమ ఒక్కదానికే చేయించడానికి తొందరపడకండి. అలాగని పెద్దయ్యేదాకా ఊరికే ఉంటే కాళ్లు వంకర తిరుగుతాయి.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో మెదడులో కాళ్లను కదిలించే నాడుల దారి ఎక్కువగా దెబ్బతింటుంది. ఆ దెబ్బ తర్వాత పెరగదు. పెరిగేది పిల్లాడు. ఎముక పొడుగవుతుంటే బిగుసుకున్న కండరం దానితో సమానంగా పెరగలేకపోతుంది. ఇప్పుడు చేత్తో వంచితే వంగే పాదం నాలుగేళ్ల తర్వాత వంగకపోవచ్చు.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది పిక్క కండరం ఊరికే బిగుసుకుంటోందా (బిగుతు), పొడుగే తగ్గిపోయిందా (కురచదనం) అన్నది. బాబు గాఢ నిద్రలో ఉన్నప్పుడు మోకాలు మడిచి పాదాన్ని మెల్లగా పైకి వంచి చూడండి. తర్వాత మోకాలు చాపి చూడండి. రెండుసార్లూ సులువుగా వస్తే అది చాలావరకు బిగుతే. మడిచినప్పుడు వచ్చి, చాపినప్పుడు రాకపోతే పిక్కలో పైనున్న కండరం కురచ అవుతోందని అర్థం. తుది మాట మాత్రం డాక్టర్ పరీక్ష చేసి చెప్పాల్సిందే.

బిగుతు దశలో ఉంటే రోజూ ఫిజియోథెరపీ, పాదం కిందికి వాలిపోకుండా పట్టి ఉంచే ఏఎఫ్ఓ అనే కాలి పట్టీ, అవసరమైతే కండరాన్ని వదులు చేయడానికి పిక్కలోకి బొటాక్స్ ఇంజెక్షన్ పనిచేస్తాయి. బొటాక్స్ ప్రభావం ఉండేది 3 నుంచి 6 నెలలే. ఆ వ్యవధిలో వ్యాయామం చేయించకపోతే డబ్బు దండగ. కొద్దిగా కురచ అయితే వారం, రెండు వారాలకోసారి మారుస్తూ వేసే సిమెంట్ కట్లతో సాగదీయొచ్చు.

మడమ దగ్గర ఎందుకు వద్దంటున్నానంటే, మీరు మడమ నరం అన్నది పిక్క కండరాన్ని మడమకు కలిపే తాడు లాంటిది, దాన్ని కోస్తే వదులయ్యేది పిక్క కండరమే. నిలబడ్డప్పుడు మోకాలు ముందుకు కూలిపోకుండా పట్టి ఉంచేది పిక్క కండరమే. రెండు కాళ్లూ బిగుసుకున్న పిల్లాడికి ఆ కండరాన్ని ఎక్కువ వదులు చేస్తే మడమ నేలకు ఆనుతుంది, అందరూ సంతోషిస్తారు. కొన్నాళ్లకు మోకాళ్లు వంగిపోయి, సగం కూర్చున్నట్టు నడుస్తాడు. దాన్ని సరిచేయడం మునివేళ్ల నడకను సరిచేయడం కంటే చాలా కష్టం. పైగా చిన్న వయసులో చేస్తే మళ్లీ బిగుసుకునే అవకాశమూ ఎక్కువే. అందుకే నడిచే పిల్లల్లో వీలైనంతవరకు 7 నుంచి 10 ఏళ్ల మధ్య దాకా ఆగి, తొడ, మోకాలు, పిక్క, ఎముక మెలిక అన్నీ లెక్కలోకి తీసుకుని ఒకేసారి ఆపరేషన్ చేయడం మంచిది. ఏడాదికొకటి చొప్పున కోస్తూ పోతే బాల్యమంతా కట్లలోనే గడిచిపోతుంది. ఆ పెద్ద ఆపరేషన్ తర్వాత కూడా కోలుకోవడానికి ఏడాది దాకా పడుతుంది.

నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది మీరు అడగని తుంటి సంగతి. తొడ లోపలి కండరాలు లాగేకొద్దీ తొడ ఎముక పైనుండే బంతి, తుంటి గిన్నెలోంచి మెల్లగా పక్కకు జరుగుతుంది. మొదట్లో నొప్పి ఉండదు, బయటికి తెలియదు. సీపీ పిల్లల్లో సుమారు మూడింట ఒకరికి ఇది వస్తుంది. అసలు నడవలేని పిల్లల్లో మరీ ఎక్కువ. బాబుకు ఇంతవరకు తుంటి ఎక్స్‌రే తీయించకపోతే ఈ వారమే తీయించండి, తర్వాత కనీసం ఏడాదికోసారి. బంతి మూడో వంతు దాకా బయటికి వచ్చిందంటే పిల్లల ఎముకల డాక్టర్ వెంటనే చూడాలి. తుంటి ఆపరేషన్‌కు వయసు వచ్చేదాకా ఆగే వీలుండదు.

నూనె మర్దన చేయండి, తప్పు లేదు. వాతలు మాత్రం పెట్టించొద్దు, దయచేసి.

వ్యాయామాలు నేర్చుకోవడానికి మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో అడగండి. శస్త్రచికిత్స విషయంలో రెండో అభిప్రాయానికి తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఎముకల ఆసుపత్రి మీకు అందుబాటులోనే ఉంది. సీపీ 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉంది కాబట్టి దివ్యాంగులకు ఇచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేయండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు బాబు చెప్పులు లేకుండా నడిచే వీడియో ముందు నుంచీ, పక్క నుంచీ ఫోన్‌లో తీసుకెళ్లండి. కొత్త చోట పిల్లలు భయంతో ఇంకా బిగుసుకుపోతారు, ఇంట్లో నడిచినట్టు నడవరు.

— పిల్లల ఎముకల వైద్య నిపుణులు, నెల్లూరు