పిల్లి మోగించిన అలారమే మీ కేసు

ప్రశ్న: మా వారు ఉద్యోగరీత్యా నెలలో ఇరవై రోజులు వేరే రాష్ట్రంలో ఉంటారు. ఇంట్లో నేను, ఎనిమిదేళ్ల పాప. 22 నెలల క్రితం ఫోన్‌లో హోమ్ సెక్యూరిటీ యాడ్ ఒకటి చూశాను. అర్ధరాత్రి, ఇంట్లో ఒంటరి ఆడమనిషి, కదులుతున్న తలుపు గడియ, పక్క గదిలో నిద్రపోతున్న పాప. 'ఆయన దూరంగా ఉన్న రాత్రి మీకు తోడెవరు?' అని అడుగుతారు. అలారం మోగిన 30 సెకన్లలో కంట్రోల్ రూం నుంచి ఫోన్ వస్తుందని, పోలీసులకు వాళ్లే చెబుతారని కూడా అందులో ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. నంబరు ఇస్తే మర్నాడే వాళ్ల మనిషి వచ్చాడు. మీ కాలనీలోనే రెండిళ్లలో దొంగలు పడ్డారని చెప్పాడు. ఇంట్లో ఎవరెవరుంటారు, మా వారు ఏ రోజుల్లో ఉండరు అన్నీ రాసుకున్నాడు. ఓటీపీ అడిగితే చెప్పాను. నెలకు రూ. 3,000, 36 నెలలు, ఫైనాన్స్ కంపెనీ ద్వారా ఈఎంఐ. ఐదు నెలల క్రితం అర్ధరాత్రి అలారం మోగింది. నేను, పాప బాత్‌రూంలో గడియ పెట్టుకుని వణికిపోయాం. తీరా చూస్తే పిల్లి. ఎవరూ ఫోన్ చెయ్యలేదు, నేను చేసినా ఎత్తలేదు. మర్నాడు అడిగితే మీ ప్లాన్‌లో యాప్ మెసేజ్ మాత్రమే వస్తుందన్నారు. ఒళ్లు మండి ఆ సేల్స్‌మన్‌తో ఉన్న వాట్సాప్ చాట్ మొత్తం డిలీట్ చేసేశాను. ఆ యాడ్ కూడా ఇప్పుడు కనబడటం లేదు. అప్పట్లో నాకు ఎంత నచ్చిందంటే, నువ్వూ పెట్టించుకోమని మా చెల్లికి ఫార్వర్డ్ చేశాను కూడా. మధ్యలో మానేస్తే మిగతా డబ్బంతా ఒకేసారి కట్టాలట. అకౌంట్ ఖాళీ చేస్తే ఈఎంఐ అదే ఆగుతుందని మా మరిది అంటున్నాడు. సేల్స్‌మన్ అసభ్యంగా ప్రవర్తించాడని పోలీసులకు రాసిస్తే కంపెనీ దిగివస్తుందని కూడా అంటున్నాడు. ఆడవాళ్ల భయంతో వ్యాపారం చేసే వీళ్ల మీద పది లక్షలకు కేసు వేయవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో మూడొంతులు భయం గురించే ఉంది. కేసు మాత్రం మీరు సిగ్గుపడుతూ రాసిన ఆ పిల్లి సంగతిలో ఉంది.

భయపెట్టి అమ్మారు అన్నంత మాత్రాన మన చట్టంలో కేసు నిలవదు. 'నేను నీకు హాని చేస్తాను' అంటే బెదిరింపు. 'దొంగలు వస్తారు, జాగ్రత్త' అంటే బెదిరింపు కాదు, అది అబద్ధమైనా సరే. ఆ యాడ్ మీ మీద ఎంత పనిచేసిందో నాకు అర్థమవుతోంది. అత్యాచారం కేసుల్లో నిందితులు 90 శాతానికి పైగా బాధితురాలికి తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాల బ్యూరో ఏటా లెక్క చెబుతున్నా, యాడ్‌లో మాత్రం ఎప్పుడూ ముసుగు మనిషే గోడ దూకుతాడు. తెలిసినవాళ్ల నుంచి కాపాడే సెన్సర్ అమ్మకానికి లేదు మరి. అయితే ఇదంతా వ్యాసానికి పనికొస్తుంది కానీ వాదనకు పనికిరాదు.

వాదనకు పనికొచ్చేది ఒక్క వాక్యం: 'అలారం మోగిన 30 సెకన్లలో మా కంట్రోల్ రూం ఫోన్ చేస్తుంది.' 'మీకు తోడెవరు' అన్నది మాటల గారడీ, దాన్ని ఎవరూ కొలవలేరు. 30 సెకన్లు అన్నది కొలవగలిగిన హామీ. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(28) ప్రకారం తప్పుడు హామీ ఇచ్చినా, ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచినా అది తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుంది. మీ ప్లాన్‌లో మెసేజ్ తప్ప ఫోన్ కాల్ లేదన్న సంగతి యాడ్‌లో దాచారు. చెప్పిన సేవ అందలేదు కాబట్టి సేవా లోపం కూడా ఉంది. 2022 జూన్‌లో కేంద్రం ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. పెద్దగా చెప్పిన మాటను కింద చిన్న అక్షరాల డిస్‌క్లెయిమర్‌తో కాదనడానికి వీల్లేదని అందులో ఉంది. కాబట్టి 'షరతులు వర్తిస్తాయి' అని మూల ఎక్కడో వేశామని కంపెనీ అంటే మీరు బెదరక్కర్లేదు.

ఆ రాత్రి నిజంగా దొంగే వచ్చి ఉంటే ఏం పోయింది, ఎవరిది తప్పు అని సవాలక్ష ప్రశ్నలు వచ్చేవి. పిల్లి కాబట్టి మిగిలింది ఒకటే ప్రశ్న: అలారం మోగింది, ఫోన్ వచ్చిందా, రాలేదా?

ఇక్కడే మీరు చేసిన పనికి నాకు కోపం వస్తోంది. చాట్ డిలీట్ చేస్తారా? కోపం కంపెనీ మీద, పోయింది మీ సాక్ష్యం. కన్స్యూమర్ కోర్టు (చట్టంలో దీని పేరు వినియోగదారుల కమిషన్) ప్రధానంగా అఫిడవిట్లు, పత్రాలు చూసే తీర్పు ఇస్తుంది. మీ కన్నీళ్లు కాగితం మీద ఉండాలి, లేకపోతే లేనట్టే. ఇంకో మాట, ఓటీపీ చెప్పడమంటే సంతకం పెట్టడమే. 'చదవలేదు' అంటే కోర్టు జాలిపడదు. మీరు ఒంటరిగా ఉండే రోజుల పట్టికను ముక్కూ మొహం తెలియని మనిషికి రాసిచ్చారే, అది ఎలాంటి సెక్యూరిటీయో నాకైతే అర్థం కాలేదు. ఆ వివరాలు బయటికి ఇవ్వకూడదని, ఒప్పందం ముగిశాక తీసేయాలని కంపెనీకి ఈమెయిల్‌లో రాయండి. నమ్మి ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని బయటపెట్టడం కూడా ఇదే చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి.

మీ అదృష్టం కొద్దీ ఆ వీడియో ఇంకో చోట ఉంది. చెల్లికి ఫార్వర్డ్ చేశానని మీరే రాశారు. ఆమె ఫోన్‌లో ఆ మెసేజ్ తేదీ, సమయంతో సహా ఉంటే, ఒప్పందానికి ముందు మీరు ఏ యాడ్ చూశారో తేలిపోతుంది. దాన్ని మళ్లీ మీకు ఫార్వర్డ్ చేయించుకోవద్దు, పాత తేదీ పోతుంది. ఆ ఫోన్‌ను అలాగే ఉంచమనండి. చాట్ కనబడేలా స్క్రీన్‌షాట్లు, వీడియో కాపీ తీయించి, చెల్లి పేరు మీద అఫిడవిట్, ఆ ఎలక్ట్రానిక్ కాపీలు అసలైనవేనని చెప్పే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ జత చేయించండి. కన్స్యూమర్ కోర్టులో ఆ సర్టిఫికెట్ గురించి అంత పట్టుబట్టకపోవచ్చు. అయినా ఉంటే అవతలి వకీలుకు ఒక అభ్యంతరం తగ్గుతుంది.

మిగతావి ఆ రాత్రికి సంబంధించినవి. యాప్‌లో అలారం హిస్టరీ ఉంటే ఇవాళే స్క్రీన్‌షాట్ తీయండి. ఇలాంటి రికార్డులు కొన్నాళ్లకు వాటంతటవే చెరిగిపోతాయి, ఇప్పటికే ఐదు నెలలు పోగొట్టారు. మీరు కస్టమర్ కేర్‌కు చేసిన కాల్స్ కోసం ఫోన్ కంపెనీ నుంచి ఐటమైజ్డ్ బిల్లు తెప్పించుకోండి, ఆలస్యమైతే అదీ దొరకదు. ఆ రాత్రి లాగ్ ఇవ్వమని సెక్యూరిటీ కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. ఇస్తే సరే. ఇవ్వకపోతే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38(9) కింద దాన్ని తెప్పించే అధికారం కమిషన్‌కు ఉంది, అడిగినా ఇవ్వలేదన్న కాగితం మీ చేతిలో ఉంటుంది. కాలనీలో దొంగతనాలు అన్న మాటను మాత్రం వదిలేయండి. నోటి మాట, మీరు తప్ప విన్నవాళ్లు లేరు. దాని వెనకాల తిరిగే తీరిక కూడా మీకు లేదు.

ఎందుకంటే గడువు. అదే చట్టం సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. అలారం రాత్రి నుంచి లెక్కేస్తే మీకు ఇంకా 19 నెలలు ఉన్నట్టు కనిపిస్తుంది. కంపెనీ వకీలు ఆ లెక్క ఒప్పుకోడు. మోసపోయింది కొన్న రోజే కాబట్టి లెక్క అక్కడి నుంచే అంటాడు. అలా చూస్తే మిగిలింది రెండు నెలలు. నెలనెలా సేవ సాగుతోంది కాబట్టి కారణమూ సాగుతోంది అని నేను ఎదురు వాదించగలను. కానీ గెలుస్తామో లేదో తెలియని వాదన మీద మీ కేసంతా ఆనించడం దేనికి? రెండు నెలల్లోపే వేయండి. నోటీసులు పంపుతూ కూర్చుంటే గడువు ఆగదు. కస్టమర్ కేర్ 'రేపు చూస్తాం' అన్నందుకూ ఆగదు.

ఇక మీ మరిది సలహాలు. అకౌంట్ ఖాళీ చేసే పని అస్సలు చేయకండి! మీరు అప్పు తీసుకున్నది ఫైనాన్స్ కంపెనీ దగ్గర, అది వేరే ఒప్పందం. ఆటో డెబిట్‌కు ఒప్పుకుని డబ్బు లేక అది వెనక్కి పోతే పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం, 2007లోని సెక్షన్ 25 కింద, చెక్కు బౌన్స్ అయినట్టే, క్రిమినల్ కేసు పెట్టవచ్చు. రెండేళ్ల వరకు జైలు, ఆ మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా. ఫిర్యాది కావాల్సిన మనిషి నిందితురాలై నిలబడుతుంది. సిబిల్ స్కోరు పోవడం దాని ముందు చిన్న సంగతి. రెండో సలహా ఇంకా ఘోరం. జరగని అసభ్య ప్రవర్తన జరిగిందని పోలీసులకు రాసివ్వడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 217 కింద నేరం, ఏడాది వరకు శిక్ష ఉంది. పైగా ఆ ఒక్క అబద్ధం బయటపడితే పిల్లి రాత్రి గురించి మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. మీ మరిదిని ఈ కేసుకు దూరంగా ఉంచండి.

ఈఎంఐ ఆపాలంటే దానికి వేరే దారి ఉంది. ఫిర్యాదులో ఫైనాన్స్ కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చి, కేసు తేలేదాకా వసూళ్లు ఆపమని వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38(8) కింద మధ్యంతర ఉత్తర్వు అడగండి. ఇస్తారన్న గ్యారంటీ లేదు. అది వచ్చేదాకా వాయిదాలు కడుతూ ఉండండి.

ఫిర్యాదు మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. ఒప్పందంలో ఏదో దూరపు నగరంలోని కోర్టు పేరు, ఆర్బిట్రేషన్ షరతు (గొడవను కోర్టు బయట మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్నది) ఉంటాయి. ఆర్బిట్రేషన్ షరతు ఉన్నంత మాత్రాన వినియోగదారుడి దారి మూసుకుపోదని 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీరు చెల్లించే మొత్తం 1,08,000. ఐదు లక్షల వరకు కోర్టు ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా కూడా వేయవచ్చు.

ఒక్కచోట జాగ్రత్త. 'మానేస్తే మొత్తం కట్టాలి' అన్న షరతును రద్దు చేయమని జిల్లా కమిషన్‌ను అడగకండి. అన్యాయపు ఒప్పందాల మీద విచారించే అధికారం రాష్ట్ర కమిషన్‌కు, ఆపైన జాతీయ కమిషన్‌కు తప్ప జిల్లాకు లేదు. ఆ ఒక్క కోరిక కలిపితే మీ ఫిర్యాదు వెనక్కి వస్తుంది, రెండు నెలలూ అయిపోతాయి. తప్పుడు హామీ, సేవా లోపం, కట్టిన 66,000 వాపసు, మిగతా వాయిదాల నుంచి విముక్తి, ఖర్చులు. ఇంతవరకే అడగండి. మానసిక క్షోభకు పది లక్షలు అంటే బెంచి నవ్వుకుంటుంది, వేలల్లో సబబైన మొత్తం రాయండి. యాడ్ మీద కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీకి కూడా ఫిర్యాదు చేయవచ్చు, మొదటి తప్పుకు పది లక్షల వరకు జరిమానా వేస్తారు. ఆ జరిమానా మీ చేతికి రాదు, అందుకే అది రెండో పని.

కమిషన్ నోటీసు అందగానే కంపెనీ మూడు నెలలు ఉచితమనో, పెద్ద ప్లాన్ ఇస్తామనో మనిషిని పంపుతుంది. ఈసారి ఓటీపీ చెప్పకండి. ముందు చెల్లికి ఫోన్ చేసి ఆ వీడియో ఇంకా ఉందో లేదో చూడమనండి. కొత్త ఫోన్ కొనే ఆలోచన ఉంటే రెండు నెలలు ఆగమనండి.