హైదరాబాద్ 95, ఫ్రీమాంట్ 150: గాలి ఒకటే, అంకెలు వేరు

సందేహం: ఈ మధ్యే హైదరాబాద్ నుంచి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వచ్చాం. పాపకు ఉబ్బసం. కార్చిచ్చు పొగ వచ్చిన రోజు ఎయిర్‌నౌ యాప్‌లో ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) 150, పర్పుల్ఎయిర్‌లో 190 చూపించింది. "ఇక్కడ 95 మాత్రమే, పాపను తీసుకుని వచ్చేయండి" అని అత్తయ్యగారు టెన్షన్ పడుతున్నారు. పాత కారు కూడా కొనాలి, స్మాగ్ చెక్ (కారు వదిలే పొగ పరీక్ష) అంటున్నారు. కాస్త వివరంగా చెప్పండి.

జవాబు: ముందుగా అత్తయ్యగారి సంగతి చూద్దామమ్మా. ఏక్యూఐ గాలిలో నేరుగా కొలిచే అంకె కాదు. ఘనపు మీటరు గాలిలో ఎన్ని మైక్రోగ్రాముల ధూళి ఉందో కొలిచి, దాన్ని ఏ దేశానికా దేశం తన పట్టిక ప్రకారం మార్చి చెబుతుంది. సన్నని ధూళి, అంటే పీఎం 2.5, 60 మైక్రోగ్రాములు ఉంటే భారత్ పట్టికలో ఏక్యూఐ 100. దాన్ని 'సంతృప్తికరం' అంటారు. అదే 60 అమెరికా పట్టికలో 154, ఎర్ర రంగు, అంటే 'అనారోగ్యకరం'. పీఎం 2.5 వల్ల వచ్చిన 95 అయితే హైదరాబాద్ గాలిలో దాదాపు 57 మైక్రోగ్రాములున్నట్టు. మీ 150 దాదాపు 55. తేడా ఏముంది? అలాగని ధైర్యపడమనీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు సగటుకు పెట్టిన హద్దు 15. ఉబ్బసం ఉన్న పాపకు 55 అక్కడైనా ఇక్కడైనా ఎక్కువే. యాప్‌లో రంగుతో సరిపెట్టుకోకుండా మైక్రోగ్రాములు చూడటం అలవాటు చేసుకోండి.

రెండు యాప్‌ల తేడాకూ కారణముంది. ఎయిర్‌నౌ అమెరికా ప్రభుత్వానిది, అందులో కనిపించేది ప్రభుత్వ స్టేషన్ల లెక్క. ఆ యంత్రాలు నమ్మకమైనవే, కానీ అన్ని వీధుల్లో ఉండవు. పర్పుల్ఎయిర్ అనేది జనం తమ ఇంటి గోడలకు పెట్టుకునే చిన్న సెన్సర్. లేజర్ వెలుగులో రేణువులను లెక్కపెట్టి వాటి బరువు అంచనా వేస్తుంది కాబట్టి కట్టెల పొగ వచ్చినప్పుడు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మీ వీధి సంగతి తెలియాలంటే ఎయిర్‌నౌ వాళ్ల ఫైర్ అండ్ స్మోక్ మ్యాప్ తెరవండి. అందులో ఈ చిన్న సెన్సర్ల అంకెలను సరిదిద్ది చూపిస్తారు. నేను చూసేది అదొక్కటే.

కిటికీలోంచి ఆకాశం చూసి మాత్రం నిర్ణయాలు తీసుకోకండి. 2020 సెప్టెంబర్ 9న మీ ఫ్రీమాంట్ ఉన్న బే ఏరియా అంతా పగలే నారింజ రంగులోకి మారిపోయింది. అయితే ఆ రోజు పొగ ఎక్కువగా పైనే ఉండిపోయింది. నేల దగ్గర గాలి బాగా పాడైంది ఆ తర్వాతి రోజుల్లో, ఆకాశంలో ఆ నారింజ రంగు పోయాక.

పొగ రోజుల్లో కిటికీలు మూసేయండి. పాప పడుకునే గదిలో హెపా ఫిల్టర్ ఉన్న ప్యూరిఫయర్ పెట్టండి. కొనేటప్పుడు డబ్బా మీద కేడర్ (CADR) అంకె, అంటే నిమిషానికి ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పేది, చూడండి. అది గది చదరపు అడుగుల్లో కనీసం మూడింట రెండు వంతులుండాలి. ఓజోన్ వదిలే రకం వద్దు. అలాంటి రోజు ఇంట్లో పోపులు, వేపుళ్లు, అగరొత్తులు తగ్గించండి. తలుపులన్నీ మూశాక ఆ పొగ కూడా లోపలే ఉండిపోతుంది. బయటికి వెళ్లక తప్పకపోతే ఎన్95 మాస్క్, అదీ ముఖానికి సరిగ్గా పట్టేది. వీటన్నిటికంటే ముఖ్యమైన పని ఇంకోటుంది: పొగ రాకముందే డాక్టర్ దగ్గర ఆస్తమా యాక్షన్ ప్లాన్ (ఉబ్బసం ఎక్కువైతే ఏం చేయాలో, ఏ మందు వాడాలో చెప్పే కాగితం) రాయించుకుని, ఒక కాపీ, ఇన్హేలర్ స్కూల్లో ఇవ్వండి. దీన్ని మాత్రం వాయిదా వేయకండి.

ఇక కారు. వేరేవాళ్ల దగ్గర నేరుగా పాత కారు కొంటే, 90 రోజుల లోపు తీసుకున్న స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది అమ్మేవాళ్లే. మోడల్ కొత్తదైతే, అంటే నాలుగేళ్ల లోపుదైతే, ఆ టెస్ట్ అక్కర్లేదు. "మీరే చేయించుకోండి, రేటు తగ్గిస్తాం" అంటే ఒప్పుకోవద్దు. కొందరు ఇంజిన్‌లో లోపం ఉందని చూపే చెక్ ఇంజిన్ లైటును చెరిపేసి అమ్ముతారు. అలా చెరిపిన బండిలో దాని కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు పూర్తయి ఉండవు కాబట్టి స్మాగ్ చెక్‌లో పాసవదు. స్మాగ్ చెక్‌లు చూసే కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ వెబ్‌సైట్‌లో నంబర్ ప్లేట్ కొడితే ఆ బండి పాత టెస్టుల చరిత్ర వస్తుంది. డబ్బు చేతులు మారకముందే చూడండి. టెక్సాస్‌లోనో మరోచోటో ఉన్న స్నేహితుల నుంచి 7,500 మైళ్లు కూడా తిరగని కారు తెచ్చుకుందామనుకుంటే ఇంకా జాగ్రత్త. దానికి కాలిఫోర్నియా ప్రమాణాల సర్టిఫికేషన్ లేకపోతే ఇక్కడ రిజిస్ట్రేషన్ కాదు. హుడ్ కింద స్టిక్కర్ మీద ఆ సంగతి రాసి ఉంటుంది.

మీరు అడగలేదు గానీ సంక్రాంతి వస్తుంది కాబట్టి చెబుతున్నాను. చలికాలం రాత్రుళ్లు చల్లగాలి లోయలోనే ఆగిపోయి పొగ పైకి పోదు. అలాంటి రోజుల్లో బే ఏరియా గాలి నాణ్యత విభాగం 'స్పేర్ ది ఎయిర్' అలర్ట్ ఇస్తుంది. ఆ అలర్ట్ ఉన్నంతసేపు కట్టెలు కాల్చడం నిషేధం. పెరట్లో భోగి మంటకూ అదే నియమం. ముందురోజే వాళ్ల ఎస్ఎంఎస్ అలర్ట్‌కు నమోదు చేసుకోండి. అలర్ట్ లేకపోయినా మీ ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్‌ను ఒకసారి అడగండి, మంట పెట్టేచోటికి పాపను మాత్రం తీసుకెళ్లకండి. భోగి పళ్లు ఇంట్లోనే పోయండి.