మైఎస్‌క్యూఎల్ నేర్చుకున్న అమ్మాయికి పోస్ట్‌గ్రెస్ కూడా అవసరమా?

ప్రశ్న: మాది సత్తెనపల్లి. ఎరువుల దుకాణం నడుపుతున్నాను. మా అమ్మాయి బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. కాలేజీ ల్యాబ్‌లో మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ నేర్పారు. ఇప్పుడేమో సీనియర్లు పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ వస్తేనే మంచి ఉద్యోగాలని చెబుతున్నారట. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వారు నాలుగు నెలల పోస్ట్‌గ్రెస్ డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్) కోర్సుకు 35 వేలు అడిగారు. అమ్మాయి నేర్చుకున్నది వృథా అయినట్టేనా? ఆ ఫీజు కట్టమంటారా?

జవాబు: ముందుగా ఫీజు సంగతి చెబుతాను. ప్రస్తుతానికి కట్టవద్దు. మీ అమ్మాయి నేర్చుకున్నదేదీ వృథా కాలేదు. అయితే సీనియర్ల మాటలో కొంత నిజం ఉంది. నా సలహా ఏమిటంటే, రాబోయే ఆరు నెలలు ఆమె పోస్ట్‌గ్రెస్‌ను ప్రధానంగా పెట్టుకుని, మైఎస్‌క్యూఎల్‌ను తీసివేయకుండా అదే ల్యాప్‌టాప్‌లో పక్కనే ఉంచుకుని, ఒకే పనిని రెండింటిలోనూ చేసి చూడాలి. రెండూ సమాచారాన్ని పట్టికలుగా దాచి, అడిగినప్పుడు వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్లే, ఉచితంగానే దొరుకుతాయి. ఆ పని ఏమిటని వెతకవలసిన అవసరం కూడా మీకు లేదు, మీ దుకాణంలోని బాకీ పుస్తకమూ స్టాకు రిజిస్టరూ చాలు.

క్యాంపస్ రాతపరీక్షల్లో అడిగేది ఈ రెండింటిలో ఏదో ఒకటి కాదు, వాటికి ఉమ్మడిగా ఉన్న ఎస్‌క్యూఎల్, అంటే డేటాబేస్‌ను ప్రశ్నలు (క్వెరీలు) అడిగే భాష. జాయిన్, గ్రూప్ బై, సబ్‌క్వెరీ, నార్మలైజేషన్, ఉద్యోగుల టేబుల్‌లో రెండో అత్యధిక జీతం ఎవరిది అన్న ప్రశ్న (ఎన్నేళ్లు గడిచినా ఆ ప్రశ్న చావదు), ఇవన్నీ కాలేజీ ల్యాబ్‌లో నేర్చుకున్న దానితోనే రాయవచ్చు. తేడా తెలిసేది ఆ తర్వాతి మెట్టులో, అంటే ఎదుట కూర్చున్న ఇంజనీరు "ఈ క్వెరీ ఎందుకు ఆలస్యమవుతోంది, ఇద్దరు ఒకేసారి మార్పు చేస్తే ఏమవుతుంది" అని అడిగినప్పుడు.

అక్కడ పోస్ట్‌గ్రెస్‌తో నేర్చుకున్నవారికి కొంత మొగ్గు ఉంటుందని నేను అనుకోవడానికి దాని పుట్టుక కూడా ఒక కారణం. అది 1986లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ప్రాంగణంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వంలో పరిశోధనగా మొదలై, 1996లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాకుండా, ప్రపంచమంతటా ఉన్న డెవలపర్ల చేతిలో నడుస్తోంది. మైఎస్‌క్యూఎల్ 1995లో స్వీడన్‌లో, వెబ్‌సైట్లకు వేగంగా పనిచేసే తేలికపాటి సాధనంగా పుట్టింది. 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ దాన్ని కొన్నది, 2010లో సన్‌ను ఒరాకిల్ కొన్నది. వేగం కోసం పుట్టినది కావడంతో చాలాకాలం దానికి మొహమాటం ఎక్కువగా ఉండేది. ఫిబ్రవరి 30 అని తేదీ ఇచ్చినా ఒక హెచ్చరికతో సరిపెట్టి సున్నాలు రాసుకునేది. బస్తాల సంఖ్య సున్నా కంటే ఎక్కువగా ఉండాలని చెక్ నిబంధన పెడితే దాన్ని చదివి పక్కన పడేసేది. ఈ నిబంధనను నిజంగా అమలు చేయడం 2019లో, 8.0.16 వెర్షన్ నుంచి మాత్రమే మొదలైంది. ఇప్పటి మైఎస్‌క్యూఎల్ చాలా మారింది, ఆ పాత నింద ఇంకా మోపడం న్యాయం కాదు. కానీ ఎన్నో ల్యాబ్‌లలో ఇంకా పాత వెర్షన్లే నడుస్తున్నాయి. విండో ఫంక్షన్లు (వరుసలను కలిపేయకుండానే ర్యాంకులు, నడుస్తున్న మొత్తాలు లెక్కించేవి) పోస్ట్‌గ్రెస్‌లో 2009 నుంచీ ఉండగా మైఎస్‌క్యూఎల్‌లోకి 2018లో, 8.0తో వచ్చాయి. అందువల్ల మీ అమ్మాయి ల్యాబ్‌లో ఏ వెర్షన్ ఉందో ముందు చూసుకోమనండి.

ఇక దుకాణం పని. రైతుల టేబుల్, సరుకుల టేబుల్, అమ్మకాల టేబుల్, జమల టేబుల్, ఈ నాలుగూ చాలు. మొదటి పరీక్ష రైతు పేరుతోనే పెట్టవచ్చు. పేరు కాలమ్‌కు పది అక్షరాల పరిమితి పెట్టి అందులో "వెంకటేశ్వర్లు" అని తెలుగులో రాయమనండి. మన కంటికి కనిపించేవి ఐదు అక్షరాలే, అయినా రెండు డేటాబేస్‌లూ ఆ పేరును తిప్పి పంపుతాయి. ఎందుకంటే గుణింతపు గుర్తులనూ సున్ననూ పొల్లునూ విడివిడిగా లెక్కించే యూనికోడ్‌లో ఆ పేరు 13 సంకేతాలు, డిస్కు మీద 39 బైట్లు. పొడవు ఎంత అని లెంగ్త్ ఫంక్షన్‌తో అడిగితే పోస్ట్‌గ్రెస్ 13 అంటుంది, మైఎస్‌క్యూఎల్ 39 అంటుంది. మైఎస్‌క్యూఎల్‌లో చాలాకాలం యూటీఎఫ్8 అని పిలిచిన అమరికలో ఒక్కో సంకేతానికి మూడు బైట్లే చోటు ఉండేది. తెలుగు సంకేతాలు మూడేసి బైట్లు కాబట్టి సరిగ్గా పట్టేవి. వాటి పక్కన నాలుగు బైట్ల ఎమోజీ ఒకటి వస్తే మాత్రం గొడవయ్యేది. దానికి విరుగుడు యూటీఎఫ్8ఎంబీ4 అన్న అమరిక. ఈ ఒక్క ప్రయోగం చేసిన విద్యార్థి క్యారెక్టర్ సెట్ గురించి ఇంటర్వ్యూలో తడుముకోదు.

రెండో పరీక్ష ఇంకా విలువైనది. ఖరీఫ్ సీజన్‌లో పది బస్తాల యూరియా మిగిలి ఉండగా కౌంటర్ దగ్గర మీరూ గోడౌన్ దగ్గర గుమాస్తా ఒకేసారి అమ్ముతున్నారనుకోండి. ఆమె రెండు విండోలు తెరిచి, మొదటిదానిలో ట్రాన్సాక్షన్ (ఒకే లావాదేవీగా లెక్కించే పనుల వరుస) మొదలుపెట్టి స్టాకు చూడాలి, పది అని కనిపిస్తుంది. రెండో విండోలో ఆరు బస్తాలు అమ్మి కమిట్ చేయాలి, అంటే ఖాయం చేయాలి. మళ్లీ మొదటి విండోలోకి వచ్చి, అదే ట్రాన్సాక్షన్‌లో స్టాకు అడిగితే, ఏ సెట్టింగూ మార్చని పోస్ట్‌గ్రెస్ నాలుగు అని చెబుతుంది. మైఎస్‌క్యూఎల్ ఇంకా పది అనే చెబుతుంది. తప్పు ఏదీ కాదు. ఒకటి రీడ్ కమిటెడ్ (ఇతరులు ఖాయం చేసినదాన్ని వెంటనే చూపడం) అన్న స్థాయిలోను, మరొకటి రిపీటబుల్ రీడ్ (మొదట చూపినదాన్నే చివరిదాకా చూపడం) అన్న స్థాయిలోను పనిచేస్తున్నాయంతే. కానీ పది ఉన్నాయనుకుని అక్కడే ఎనిమిది బస్తాలు తగ్గించమంటే, మైఎస్‌క్యూఎల్ తగ్గించేది తాను చూపించిన పదిలోంచి కాదు, అసలు మిగిలిన నాలుగులోంచి. నిబంధన లేకపోతే స్టాకు మైనస్ నాలుగవుతుంది. చెక్ నిబంధన ఎందుకు పెట్టాలో, స్టాకు చూసేటప్పుడే ఫర్ అప్‌డేట్ అని అడిగి ఆ వరుసకు తాళం ఎందుకు వేయాలో అప్పుడు ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. ఐసొలేషన్ స్థాయిలు అనే వీటి పేర్లు బట్టీపట్టి వచ్చే విద్యార్థులను ఎందరినో చూశాను. రెండు విండోలు తెరిచి చూసినవారు చాలా అరుదు.

మూడోది లోపలి నిర్మాణానికి సంబంధించినది, మీకు కూడా సులభంగా తెలుస్తుంది. బాకీ పుస్తకంలో ఒక అంకె మారితే పాత పంక్తిని కొట్టివేసి కింద కొత్త పంక్తి రాసేవారు కొందరు. అంకెను అక్కడే దిద్ది, పాత అంకెను వేరే చిత్తు పుస్తకంలో గుర్తుపెట్టుకునేవారు ఇంకొందరు. పోస్ట్‌గ్రెస్ మొదటి రకం, మైఎస్‌క్యూఎల్‌లో డేటాను దాచే ఇన్నోడీబీ అనే భాగం రెండో రకం. అందుకే పోస్ట్‌గ్రెస్‌లో పది లక్షల వరుసలున్న టేబుల్‌ను మొత్తం ఒకసారి అప్‌డేట్ చేస్తే దాని పరిమాణం ఇంచుమించు రెట్టింపవుతుంది. కొట్టివేసిన పంక్తుల చోటును మళ్లీ వాడుకునేలా చేయడానికి వాక్యూమ్ అనే ప్రక్రియ కావాలి. జనరేట్ సిరీస్ అన్న ఫంక్షన్‌తో పది లక్షల ఉత్తుత్తి అమ్మకాలు సృష్టించి, అప్‌డేట్‌కు ముందూ తర్వాతా టేబుల్ పరిమాణం చూసుకోవడం ఒక సాయంత్రం పని. అదే టేబుల్ మీద ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ (క్వెరీ ఎలా నడిచిందో చూపే ఆదేశం) నడిపి, ఇండెక్స్ (పుస్తకం చివరి సూచిక వంటిది) లేనప్పుడు మొత్తం టేబుల్‌ను ఎలా తిరగేస్తోందో, ఇండెక్స్ వేశాక ఒక రైతు ఖాతాను ఎలా నేరుగా పట్టుకుంటోందో కూడా చూడాలి. 2016లో ఉబర్ సంస్థ ఇంజనీర్లు పోస్ట్‌గ్రెస్ నుంచి మైఎస్‌క్యూఎల్‌కు మారుతూ బహిరంగంగా చెప్పిన కారణాల్లో ఈ కొట్టివేత పద్ధతి వల్ల ఇండెక్స్‌ల మీద పడే అదనపు రాత ఒకటి.

ఉబర్ పేరు ఎత్తింది అందుకే, పోస్ట్‌గ్రెస్ అన్నిచోట్లా గెలుస్తుందని మీరు అనుకోకూడదు. ఫేస్‌బుక్ మైఎస్‌క్యూఎల్ మీదే పెరిగింది. యూట్యూబ్ వారు మైఎస్‌క్యూఎల్‌ను అనేక సర్వర్ల మీదికి విస్తరించడానికి విటెస్ అన్న వ్యవస్థను తయారుచేసుకున్నారు. వర్డ్‌ప్రెస్ సైట్లు దాదాపు అన్నిటి కిందా ఉన్నది మైఎస్‌క్యూఎల్ లేదా దాని సోదరి మరియాడీబీ. మీ అమ్మాయికి పీహెచ్‌పీ, లారావెల్, ఆన్‌లైన్ దుకాణాల తయారీ వైపు ఆసక్తి ఉంటే నా సలహాను తిరగేసి, మైఎస్‌క్యూఎల్‌నే ప్రధానంగా ఉంచమంటాను. పైథాన్‌లో జాంగో, డేటా ఇంజనీరింగ్, మ్యాపులు, బ్యాంకింగ్ లెక్కల వైపు ఉంటే పోస్ట్‌గ్రెస్. మ్యాపుల విషయంలో పోస్ట్‌జీఐఎస్ అన్న అనుబంధం ఉండటం వల్ల రెండో ఆలోచనే అక్కరలేదు, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కూడా తన సమాచారాన్ని పోస్ట్‌గ్రెస్‌లోనే దాచుకుంటుంది.

మరియాడీబీని విడిగా నేర్చుకోనవసరం లేదు. మైఎస్‌క్యూఎల్ ఒరాకిల్ చేతికి పోతుందని తేలినప్పుడు దాన్ని మొదట రాసినవారిలో ఒకరైన మాంటీ వీడేనియస్ 2009లో విడదీసిన శాఖ అది, మైఎస్‌క్యూఎల్ వచ్చినవారికి చేతికి అలవాటైనట్టే ఉంటుంది. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ మీ జేబులోని ఫోన్‌లో ఇప్పటికే ఉంది, యాప్‌లు రాసే రోజున చూసుకోవచ్చు.

ఇక డీబీఏ కోర్సు. ఒకప్పుడు హైదరాబాద్‌లో ఒరాకిల్ డీబీఏ కోర్సు చేసి జీవితంలో స్థిరపడినవారు మన బంధువర్గాల్లో ఎందరో ఉన్నారు, ఇన్‌స్టిట్యూట్ వారు ఆ జ్ఞాపకం మీదే కొత్త పేరుతో కోర్సు అమ్ముతున్నారు. వారు చెప్పే అవసరం అబద్ధం కాదు. లైసెన్సు ఖర్చు తగ్గించుకోవడానికి సంస్థలు ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు మారుతున్నాయి, కేంద్ర ప్రభుత్వం కూడా 2015లోనే ప్రభుత్వ వ్యవస్థల్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని విధానం ప్రకటించింది. ఒరాకిల్‌లోని పీఎల్‌ఎస్‌క్యూఎల్ అనే ప్రోగ్రామింగ్ భాషకు దగ్గరగా పోస్ట్‌గ్రెస్‌లో పీఎల్‌పీజీఎస్‌క్యూఎల్ ఉండటం ఆ మార్పును కొంత తేలిక చేస్తుంది. కానీ నడుస్తున్న బ్యాంకు డేటాబేస్‌ను నిన్న డిగ్రీ పట్టుకున్నవారి చేతికి ఎవరూ ఇవ్వరు. ఆ బాధ్యత కొన్నేళ్ల అనుభవం తర్వాత వస్తుంది. పైగా అమెజాన్, గూగుల్, మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లలో ఇన్‌స్టాలేషన్, ప్యాచింగ్, రోజువారీ బ్యాకప్ వంటి పాత డీబీఏ పనుల్లో చాలా భాగం ఆ సంస్థలే చూసుకుంటున్నాయి. కొత్తగా వచ్చేవారికి తలుపు తెరుచుకునేది బ్యాకెండ్ డెవలపర్, డేటా ఇంజనీర్, సపోర్ట్ ఇంజనీర్ ఉద్యోగాల్లో. వాటికి డేటాబేస్ బాగా తెలిసిన ప్రోగ్రామర్ కావాలి, ప్రోగ్రామింగ్ రాని డీబీఏ కాదు. కాబట్టి ఈ ఆరు నెలల్లో ఆమె పైథాన్ గానీ జావా గానీ వదిలేయకూడదు.

పాఠాలకు కొరత లేదు. పోస్ట్‌గ్రెస్ అధికారిక మాన్యువల్‌లోని ట్యుటోరియల్ భాగం చిన్నది, స్పష్టమైనది. సిద్ధాంతానికి ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఖరగ్‌పూర్ ఐఐటీ వారి డేటాబేస్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. తయారైన దుకాణం ప్రాజెక్టును గిట్‌హబ్ (కోడ్ పంచుకునే సైటు)లో పెట్టి, రెండు డేటాబేస్‌లలో ఎక్కడెక్కడ ఫలితం వేరుగా వచ్చిందో ఒక పేజీ రాయాలి. ఐదును రెండుతో భాగిస్తే పోస్ట్‌గ్రెస్ 2 అని, మైఎస్‌క్యూఎల్ 2.5 అని ఎందుకు చెబుతాయన్న చిన్న సంగతి కూడా అందులో చేరవచ్చు. అసలైన రైతుల పేర్లూ ఫోన్ నంబర్లూ మాత్రం అందులో పెట్టనివ్వకండి.

ఇంత చెప్పినా మీ అమ్మాయికి ఒంటరిగా కూర్చుంటే పని సాగదు, ఎదుట ఫ్యాకల్టీ ఉండాలి అనిపిస్తే, ఆమెతో పాటు మీరూ డెమో క్లాసుకు వెళ్లి ఒకటే అడగండి. మధ్యాహ్నం రెండున్నరకు ఎవరో అమ్మకాల టేబుల్‌ను పొరపాటున డ్రాప్ చేశారు (తొలగించారు), రాత్రి తీసిన బ్యాకప్, ఆ తర్వాతి మార్పులన్నీ నమోదైన లాగ్ ఫైళ్లు మన దగ్గర ఉన్నాయి, రెండు గంటల ఇరవై తొమ్మిది నిమిషాల దాకా జరిగిన అమ్మకాలన్నీ వెనక్కి తెప్పించడం విద్యార్థుల చేత స్వయంగా చేయిస్తారా? చేయిస్తామని చెప్పి, ఆ బ్యాచ్ ల్యాబ్‌లో మిమ్మల్ని ఒక గంట కూర్చోనిస్తే అప్పుడు ఫీజు గురించి బేరమాడవచ్చు. మెటీరియల్ ఇస్తాం, చదువుకోవచ్చు అంటే లేచి రండి.