చివరి రోజు షాపింగ్‌కి ఇవ్వకండి
ప్రయాణాల మీద పాఠకుల ప్రశ్నలు, నెల్లూరు నుంచి జవాబులు

ప్రశ్న: ఈ వేసవి సెలవుల్లో మేం ఆరుగురం సింగపూర్ వెళ్తున్నాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, అత్తయ్య, మామయ్య. లిటిల్ ఇండియాలో హోటల్ తీసుకున్నాం. చివరి రోజు ఉదయం 11 గంటలకు గది ఖాళీ చేయాలి. రాత్రి 9 గంటలకు మద్రాసు విమానం. మధ్యలో ఏం చేయాలో తేలడం లేదు. మా ఆయన యూనివర్సల్ స్టూడియోస్ ఆ రోజే అంటున్నారు. పాప గార్డెన్స్ బై ద బేలో రాత్రి లైట్లు చూడాలంటోంది. చుట్టాలకు తేవాల్సిన వస్తువుల చీటీ నా దగ్గర పెద్దదే ఉంది. అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు, ఆవిడ మాత్రం ఏమీ అడగలేదు. ఇవన్నీ ఒక్క రోజులో ఎట్లా సర్దాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక నా మనసు ఒక్క మాట దగ్గరే ఉండిపోయింది. అత్తయ్య ఏమీ అడగలేదన్నారు. ట్రంకు రోడ్డులో ట్రావెల్ ఆఫీసులో కూర్చుని ఏళ్ళ తరబడి టికెట్లు రాసినదాన్ని. తిరిగొచ్చిన కుటుంబాలు ఫోటోలు చూపించడానికి ఆఫీసుకొచ్చేవి. పిల్లలు ఏం చూశారో, మగవాళ్ళు ఏం కొన్నారో గలగలా చెప్పేవాళ్ళు. పెద్దావిడను 'చివరి రోజు ఏం చేశావమ్మా' అని అడిగితే, 'బ్యాగుల దగ్గర కూర్చున్నానమ్మా' అన్న జవాబు నేను చాలాసార్లు విన్నాను. కొడుకు, కోడలు లోపల కొంటూ ఉంటే ఆవిడ బయట బెంచీ మీద కాపలా. అందుకే నా సలహా ఒక్కటే. చివరి రోజు అత్తయ్య, మామయ్యలకు ఇవ్వండి. కొనేవన్నీ ముందే కొనేయండి.

ముందు ఆ రోజు లెక్కలోంచి తీసేయాల్సినవి తీసేద్దాం. యూనివర్సల్ స్టూడియోస్ సెంటోసా దీవిలో ఉంది. అది పొద్దున తెరవగానే వెళ్ళి సాయంత్రం దాకా తిరిగే చోటు. మీరు సాయంత్రం 6 కల్లా విమానాశ్రయంలో ఉండాలి. 11కి గది ఖాళీ చేసి, సామాన్లు దించి, అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం. మూడు గంటలకల్లా పిల్లల్ని చెయ్యి పట్టుకుని లాక్కురావాలి. ఆరుగురి టికెట్ డబ్బులు పెట్టి పిల్లల్ని ఏడిపించడం ఎందుకు? మీవారికి చెప్పండి, రెండో రోజుకో మూడో రోజుకో మార్చమని. ఆ రోజు అత్తయ్య, మామయ్య హోటల్లోనే విశ్రాంతి తీసుకోవచ్చు.

లైట్ల సంగతి. పాప అడుగుతున్నది గార్డెన్ రాప్సొడీ అనే లైట్ల, పాటల ప్రదర్శన. రోజూ రాత్రి 7.45కి ఒకటి, 8.45కి ఒకటి ఉంటుంది, చూడటానికి డబ్బులక్కర్లేదు. సింగపూర్ భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఏడాది పొడుగునా ఏడు గంటల ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది. 9 గంటల విమానం ఉన్న రోజు ఆ రెండిట్లో ఒక్కటీ అందదు. కాబట్టి అది ముందు రోజు సాయంత్రం. లిటిల్ ఇండియా స్టేషన్లో డౌన్‌టౌన్ లైన్ రైలెక్కితే మారే పని లేకుండా బేఫ్రంట్‌లో దిగుతారు. స్టేషన్లలో లిఫ్టులున్నాయి, అత్తయ్య మెట్లెక్కే పని ఉండదు. అక్కడ సూపర్‌ట్రీలని 18 పెద్ద ఇనుప చెట్లున్నాయి, ఎత్తు 25 నుంచి 50 మీటర్లు, వాటికి నిజం మొక్కలే అల్లుకుని ఉంటాయి. పాట మొదలయ్యేసరికి జనం నేల మీదే వెల్లకిలా పడుకుని చూస్తారు. ఒక పాత దుప్పటి తీసుకెళ్ళండి. మరమ్మతులకు ఒక్కోసారి ఆపుతారు, బయల్దేరే ముందు వాళ్ళ వెబ్‌సైట్లో చూసుకోండి.

ఇక మీ చీటీ. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ప్రయాణంలో మనశ్శాంతి పోయేది ఇక్కడే.

చీటీ ఇంట్లో కూర్చుని సగానికి కోయండి. బట్టలు కొట్టేయండి, మనకు మద్రాసులో దొరకనివి అక్కడేమీ లేవు. కరెంటు వస్తువులు రాసుకుని ఉంటే ఆలోచించండి. అక్కడి ప్లగ్గుకు మూడు చదును పిన్నులుంటాయి, మన గోడ సాకెట్లో దూరదు. ఫోను, వాచీ లాంటివైతే ఇక్కడ వారంటీ చెల్లుతుందా అని కొట్లోనే అడిగి, కాగితం మీద చూపించమనండి. మిగిలేవి చాక్లెట్లు, సెంట్లు, యాక్స్ ఆయిల్, టైగర్ బామ్. చివరి రెండూ సింగపూర్ కంపెనీల సరుకే, బరువు తక్కువ, ఇంట్లో పెద్దవాళ్ళున్న ఎవరికిచ్చినా సంతోషిస్తారు. మోకాళ్ళ నొప్పుల అత్తయ్య పేరు మీద ఒక డజను ఎక్కువే తీసుకోండి. సీసాలన్నీ పెద్ద పెట్టెలో పెట్టండి. చేతి బ్యాగులో 100 మిల్లీలీటర్లకు మించిన సీసా రానివ్వరు.

ఇవన్నీ ఒకేచోట కావాలంటే మీ హోటల్ పక్కనే ఉన్న ముస్తఫా సెంటర్ చాలు. కోవిడ్‌కు ముందు 24 గంటలూ తెరిచే ఉండేది, ఇప్పుడు కూడా అర్ధరాత్రి దాటేదాకా ఉంటుంది. కాబట్టి లైట్లు చూసొచ్చిన రాత్రి, పెద్దవాళ్ళను, పిల్లల్ని గదిలో పడుకోబెట్టి, మీరిద్దరే వెళ్ళండి. లోపల చాలా ఇరుకు, అంతస్తులు ఎక్కువ. అత్తయ్యను ఆ సందుల్లో తిప్పకండి.

ఒక్కసారే వెళ్ళమనడానికి ఇంకో కారణం పన్ను. సింగపూర్లో 2024 జనవరి 1 నుంచి జీఎస్టీ 9 శాతం. టూరిస్టులకు అది తిరిగిస్తారు, కానీ షరతులున్నాయి. ఒకే కొట్లో, పన్నుతో కలిపి, కనీసం 100 సింగపూర్ డాలర్ల సరుకు కొనాలి. ఒకే రోజు బిల్లులు మూడు దాకా కలిపి ఆ 100 చూపించవచ్చు. నాలుగు రోజులు నాలుగు సార్లు వెళ్ళి ముప్ఫై, నలభై డాలర్లకు కొంటే ఒక్కటీ లెక్కకు రాదు. బిల్లు కట్టేటప్పుడే పాస్‌పోర్టు చూపించి చెప్పాలి, తర్వాత కుదరదు. ఏ పాస్‌పోర్టు మీద కొన్నారో ఆ మనిషే విమానాశ్రయంలో అడగాలి, 16 ఏళ్ళు నిండి ఉండాలి. అందుకని అన్నీ మీ పాస్‌పోర్టు మీదే రాయించుకోండి. 300 డాలర్లు ఖర్చు పెడితే అందులో పన్ను 24 డాలర్ల పైమాట, సర్వీసు చార్జీ పోగా మిగిలింది చేతికొస్తుంది. తినేసిన చాక్లెట్లకు రాదు, పిల్లలకు ముందే చెప్పండి.

ఇప్పుడు అసలు రోజు. పొద్దున్నే స్నానాలు చేసి శ్రీనివాస పెరుమాళ్ గుడికి బయల్దేరండి. సెరంగూన్ రోడ్డు మీద, ఫారర్ పార్క్ స్టేషన్ దగ్గర. 1850ల నాటి గుడి, 1978లో జాతీయ కట్టడంగా గుర్తించారు. సుబ్రహ్మణ్యస్వామి పండుగ తైపూసం రోజున కావళ్ళు మోసే భక్తులు నడక మొదలుపెట్టేది ఇక్కడి నుంచే. మన పెన్న ఒడ్డున రంగనాయకుల్ని చూసి పెరిగిన పెద్దవాళ్ళకు పరదేశంలో పెరుమాళ్ దర్శనం అంటే ఎంత తృప్తిగా ఉంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం గుడి మూసేస్తారు, అందుకే పొద్దున్నే అంటున్నాను. అత్తయ్యను అక్కడ తొందరపెట్టకండి. ఆవిడ ఎంతసేపు కూర్చుంటానంటే అంతసేపు.

మామయ్యగారిని టెక్కా సెంటర్‌కు తీసుకెళ్ళమని మీవారికి చెప్పండి. లిటిల్ ఇండియా స్టేషన్ పక్కనే ఉంటుంది. కింద టిఫిన్ అంగళ్ళు, చేపల మార్కెట్. సముద్రం ఒడ్డున బతికిన కావలి మనిషికి ఏ టవర్ మీదికెక్కించినా అంత ఆసక్తి ఉండదు. అక్కడ ఏ చేప ఎంత, ఏది మన వంజరం, ఏది మన పండుగప్ప అని చూసుకుంటూ ఆయన హాయిగా గంట గడుపుతారు. కొనొద్దు, చూడటమే.

11కి గది ఖాళీ చేసి పెట్టెలు హోటల్ రిసెప్షన్లో పెట్టండి. మామూలుగా ఒప్పుకుంటారు, ముందురోజే అడిగి ఉంచండి. లిటిల్ ఇండియాలోనే భోజనం చేసి, రెండు గంటలకు టాక్సీ. మామూలు టాక్సీలో నలుగురే. ఆరుగురు, పెట్టెలు అంటే పెద్ద బండి కావాలి, అదీ ముందే చెప్పించండి.

అంత పెందలాడే విమానాశ్రయానికి ఎందుకంటారేమో. చాంగీలో మొదటి టెర్మినల్‌ను ఆనుకుని జ్యువెల్ అనే గాజు మందిరం ఉంది, 2019లో తెరిచారు. లోపల 40 మీటర్ల ఎత్తు నుంచి నీళ్ళు పడతాయి, కప్పు కింద ఉన్న జలపాతాల్లో ప్రపంచంలోనే ఎత్తైనది. చుట్టూ చెట్లు, ఏసీ, కూర్చునే చోట్లు, మంచి టాయిలెట్లు. టికెట్ లేకుండానే చూడవచ్చు. మధ్యాహ్నం ఎండలో, ఉన్నట్టుండి కురిసే వానలో అత్తయ్యను తిప్పేకన్నా ఇక్కడ నీళ్ళకెదురుగా కూర్చోబెట్టండి. మీరు ఆవిడ పక్కనే కూర్చోండి. పిల్లలు వాళ్ళ నాన్నతో తిరిగొస్తారు.

ఆవిడకు చక్రాల కుర్చీ కావాలని విమాన సంస్థకు కనీసం రెండు రోజుల ముందు చెప్పండి. దానికి మామూలుగా డబ్బు తీసుకోరు. నడవగలనని ఆవిడ మొహమాటపడినా సరే, చెప్పండి. చాంగీలో నడక చాలా దూరం.

పన్ను కోసం ఒక జాగ్రత్త. సరుకు పెద్ద పెట్టెలో ఉంటే, పెట్టె విమానంవాళ్ళకు అప్పగించకముందే టెర్మినల్ చెక్ఇన్ హాల్లోని మెషీన్లో పాస్‌పోర్టు పెట్టి అడగాలి. సరుకు చేతి బ్యాగులో ఉంటే ఇమ్మిగ్రేషన్ దాటాక. మెషీన్ ఒక్కోసారి కస్టమ్స్ వాళ్ళకు సరుకు చూపించమంటుంది, అందుకే పెట్టె మీ దగ్గర ఉండగానే అడగాలి. చాలామందికి డబ్బు పోయేది ఇక్కడే.

వాళ్ళ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. కాబట్టి మద్రాసులో దిగేసరికి మన రాత్రి పదకొండు ప్రాంతం. బయటికొచ్చి కారెక్కితే తడ, సూళ్ళూరుపేట, నాయుడుపేట, నెల్లూరు దాటి కావలి చేరేసరికి తెల్లారుతుంది. మీవారిని డ్రైవింగ్ చేయనివ్వకండి, డ్రైవర్ని పెట్టుకోండి.

ప్రశ్న: వచ్చే నెల దుబాయ్ వెళ్తున్నాం, వారం రోజులు. ఇంట్లో పెళ్ళి ఉంది. చివరి రోజు అక్కడ బంగారం నగలు కొంటే లాభమేనా? నా ఒంటి మీద నగలతో వెళ్ళొచ్చా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: దుబాయ్ దేరాలోని బంగారం బజారు, గోల్డ్ సూక్ చూడండి, తప్పకుండా చూడండి. పెళ్ళి నగలు మాత్రం ఒంగోల్లోనే కొనుక్కోమంటాను.

కారణం ఇది. విదేశం నుంచి నగలు సుంకం లేకుండా తెచ్చుకునే ప్రత్యేక వెసులుబాటు ఏడాదికి పైగా అక్కడ నివాసం ఉన్నవాళ్ళకే. బంగారానికి తక్కువ రేటు సుంకం కట్టే అవకాశం కనీసం ఆరు నెలలు అక్కడున్నవాళ్ళకు. వారం రోజుల టూరిస్టుకు ఈ రెండూ లేవు, కట్టాల్సిన రేటు చాలా ఎక్కువ. పైగా ఇంట్లో నలుగురి వెసులుబాటు కలిపి ఒకే పెద్ద వస్తువు మీద చూపిస్తామంటే ఒప్పుకోరు, ఎవరిది వాళ్ళకే. మన దేశంలో బంగారం దిగుమతి సుంకాన్ని 2024 జూలైలో 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించాక దుబాయ్ ధరకూ ఇక్కడి ధరకూ ఉన్న తేడా బాగా తగ్గింది. దాని మీద అక్కడ 5 శాతం వ్యాట్, మజూరీ. ఇక నగ ఒంటికి బిగుతైతే సరిచేయించడానికి కొన్న కొట్టు దగ్గర్లో ఉండటం ఎంత సుఖమో పెళ్ళి చేసిన ఇంటివాళ్ళకు తెలుసు. దాచి తెస్తే సరిపోతుందని ఎవరైనా చెప్తే వినకండి. పెళ్ళి ముందు ఆ టెన్షన్ వద్దు.

మీ నగలు వేసుకుని వెళ్ళొచ్చు. తాళి, రెండు గాజులు అయితే ఏమీ అక్కర్లేదు. హారాలు, వడ్డాణాలు తీసుకెళ్తుంటే ఇక్కడ బయల్దేరే విమానాశ్రయంలోనే కస్టమ్స్ వాళ్ళకు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. తిరిగొచ్చేటప్పుడు 'ఇవి అక్కడ కొన్నవి కాదు' అనడానికి అదే ఆధారం. దానికి ఒక గంట ముందుగా వెళ్ళండి.

ప్రశ్న: ప్రయాణం చివర్లో విదేశీ నోట్లు, చిల్లర మిగిలిపోతాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: చిల్లర నాణేలు ఇక్కడ ఎవరూ మార్చరు. చివరి రోజు కాఫీకీ, పిల్లల నీళ్ళ సీసాకూ ముందు వాటినే ఖర్చు పెట్టండి. మిగిలిన నాలుగూ పిల్లలకు ఇచ్చేయండి. నోట్లు అక్కడే రూపాయలకు మార్చుకోవచ్చు. విమానాశ్రయంలో కన్నా ఊళ్ళో రేటు మెరుగ్గా ఉంటుంది. మళ్ళీ వెళ్ళే ఆలోచన ఉంటే దాచుకోవచ్చు కూడా. 2,000 అమెరికన్ డాలర్ల విలువ దాకా విదేశీ నోట్లు ఇంట్లో ఉంచుకోవడానికి మన నిబంధనలు ఒప్పుకుంటాయి. అంతకు మించింది తిరిగొచ్చిన 180 రోజుల్లో బ్యాంకులోనో, లైసెన్సు ఉన్న మార్పిడి కేంద్రంలోనో ఇచ్చేయాలి. రసీదు తీసుకోండి.