అమ్మగారి మతిమరుపుకి విటమిన్ ఎ మాత్రలు వద్దండీ

అమ్మగారు పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతున్నారని, ఎవరో చెబితే రోజూ 25,000 యూనిట్ల విటమిన్ ఎ మాత్ర వేద్దామనుకుంటున్నానని రాశారు. దయచేసి మొదలుపెట్టకండి.

చెప్పినవాళ్ల మాటలో కొంత నిజం లేకపోలేదు. ఈ విటమిన్ ఒంట్లో రెటినోయిక్ ఆమ్లంగా మారి, మెదడులో కొత్త జ్ఞాపకాలు ఏర్పడే హిప్పోక్యాంపస్ అనే భాగంలో నరాల కణాల మధ్య సంబంధాలు బలపడటానికి తోడ్పడుతుంది. అది లేని తిండితో పెంచిన ఎలుకలు నేర్చుకోవడంలో వెనకబడ్డాయి, తిరిగి ఇస్తే కోలుకున్నాయి కూడా. కానీ అది లోపాన్ని పూడ్చడం. లోపం లేని మనిషికి అదనంగా ఇస్తే జ్ఞాపకశక్తి పెరుగుతుందని రుజువు కాలేదు.

పైగా ఎక్కువైనది మూత్రంలో పోదు, కాలేయంలో పేరుకుంటుంది. డాక్టరు చెప్పకుండా పెద్దవాళ్లు రోజుకి 10,000 యూనిట్లు దాటకూడదు. దాటుతూ పోతే తలనొప్పి, వాంతులు, మసకచూపు, కాలేయం దెబ్బతినడం.

ముందు విటమిన్ బి12, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించండి. శాకాహారంలో బి12 తక్కువగా దొరుకుతుంది, మీరు శాకాహారులమన్నారు కాబట్టి నా అనుమానమంతా దాని మీదే. బి12 లోపం వల్ల వచ్చిన మతిమరుపైతే, తొందరగా పట్టుకుంటే చాలావరకు తగ్గుతుంది. నిద్రకి, జలుబుకి వాడే మాత్రలు కూడా మతిమరుపు తెస్తాయి, అవన్నీ డాక్టరుకి చూపించండి.

విటమిన్ ఎ కోసం మునగాకు పప్పు, తోటకూర, గుమ్మడికాయ కూర పెట్టండి. పోపులో నూనె మరీ తగ్గించొద్దు, కొవ్వు తగిలితేనే వీటిలో ఉండే కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎ గా మారేది) ఒంటబడుతుంది. చీకటి పడ్డాక చూపు ఆనడం లేదంటే మాత్రం అది కూడా డాక్టరుకి చెప్పండి, అప్పుడు ఎంత మోతాదో ఆయనే రాస్తారు.