అతుకుల బొంత: మీ ప్రశ్నలు, మా జవాబులు

మా అమ్మాయి పురిటికి వచ్చింది. బారసాల నాటికి బిడ్డకు అతుకుల బొంత కుట్టాలని ఉంది. జాకెట్లు, లంగాలు కుట్టడం వచ్చు గానీ బొంత ఎప్పుడూ ముట్టుకోలేదు. నాలుగు రంగుల గుడ్డ పావు మీటరు చొప్పున తెచ్చుకుంటే చాలదా?
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

చాలదమ్మా. కొత్తవాళ్లు ముందు దెబ్బతినేది ఈ పావు మీటరు దగ్గరే. లెక్క చూడండి. మొదటిసారి కుట్టేవారికి 5 అంగుళాల చదరాలు సులువు. అడ్డానికి 7, నిలువుకు 8, మొత్తం 56 ముక్కలు. నాలుగు పక్కలా పావు అంగుళం చొప్పున కుట్టులోకి పోతే ముక్క నాలుగున్నర అంగుళాలు తేలుతుంది. బొంత సుమారు 31½ అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు వస్తుంది.

పావు మీటరంటే 10 అంగుళాలకు రవ్వంత తక్కువ. ఉతికితే ఇంకా ముడుచుకుంటుంది. రెండు వరుసల చదరాలకు నిండా 10 అంగుళాలు కావాలి కదా! కాబట్టి 44 అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న గుడ్డ పావు మీటరులో ఒక్క వరుసే వస్తుంది, అంటే 8 ముక్కలే. మిగతా గుడ్డంతా పీలికల పాలు. అదే 30 సెంటీమీటర్లు అడిగితే ఆ పన్నాలోనే రంగుకి 16 ముక్కలు వస్తాయి. మీకు కావలసింది 14. రెండు ముక్కలు పాడైనా ఫరవాలేదు.

అడుగు గుడ్డకు అదే పన్నాలో 1 మీటరు, చుట్టూ పైపింగుకు 30 సెంటీమీటర్లు, లోపలి పొరకు సగం పాత నూలు చీర. 14 నంబరు, 16 నంబరు మిషన్ సూదులు రెండేసి కొనుక్కోండి. అన్నీ నూలు గుడ్డలే తీసుకోండి. పాలిస్టర్ కలిసినది ఇస్త్రీకి ముడుచుకుపోతుంది, తడినీ పీల్చదు.

మా మామగారి పాత పొందూరు పంచె ఉంది. పారేయడానికి మనసొప్పడం లేదు. బొంతలో వాడొచ్చా? ఎర్ర పువ్వుల గుడ్డ పక్కన కుడితే రంగు అంటుతుందా?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

నిక్షేపంలా వాడొచ్చు. వాలుగ చేప దవడతో దూదిని దువ్వి, సన్నగా వడికి నేసే గుడ్డ కదా, పసివాడి ఒంటికి మెత్తగా ఉంటుంది. అయితే ముందు సత్తువ చూడండి. రెండు బొటనవేళ్ల మధ్య గుడ్డను గట్టిగా లాగండి. పోగులు విడిపోయినా, పరపరమన్నా పై ముక్కలకు పనికిరాదు, లోపలి పొరగా వేసెయ్యండి. గట్టిగా ఉంటే చదరాలు కోసుకోవచ్చు. కానీ సన్న ఖద్దరు అంచుల దగ్గర పోగులు ఊడుతుంది, కత్తెర కింద జారుతుంది. దీనికి మన వంటింటి మందు గంజి. అన్నం వార్చిన గంజిని నీళ్లతో పలచన చేసి, వడగట్టి, పంచెను ముంచి ఆరేయండి. కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే కాగితంలా నిలబడుతుంది. అప్పుడు గీసిన గీత గీసినట్టే తెగుతుంది. కుట్టడం అయ్యాక ఉతికేస్తే గంజి పోతుంది. గంజి మీదే మడిచి బీరువాలో పెడితే మాత్రం పురుగు పడుతుంది.

ఎర్ర గుడ్డ సంగతి కుట్టకముందే తేలాలి. ఒక మూల తడిపి, మీద తెల్ల గుడ్డ వేసి వేడి ఇస్త్రీ పెట్టె నొక్కండి. తెల్ల గుడ్డకు గులాబీ మరక వస్తే ఆ ఎర్రదాన్ని విడిగా ఉతికి మళ్లీ చూడండి. మూడు ఉతుకుల తర్వాతా దిగుతుంటే వదిలెయ్యండి. ఉప్పు, వెనిగర్ అని ఇరుగుపొరుగు చెప్పే చిట్కాలతో కారే రంగు ఆగదు.

చదరాలన్నీ కొలిచే కోశాను. అయినా వరుసలు కలిపేసరికి మూలలు కలవడం లేదు. ఒక వరుస ముప్పావు అంగుళం పొట్టిగా వచ్చింది. తప్పెక్కడ?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

ఆ ముప్పావు అంగుళమే తప్పెక్కడో చెబుతోంది. 7 ముక్కల వరుసలో 6 కుట్లు ఉంటాయి. కుట్టు పావు అంగుళం దగ్గర పడాల్సింది, అందులో నాలుగో వంతు లోపలికి జరిగితే రెండు ముక్కల్లోనూ కలిపి అర పావు అంగుళం పోతుంది. ఆరు కుట్లకు సరిగ్గా ముప్పావు. కంటికి ఆనని తేడాయే, వరుస చివరికి వచ్చేసరికి బయటపడుతుంది.

మిషన్ పాదం అంచును నమ్ముకోకండి. అది ఒక్కో మిషన్‌కు ఒక్కోలా ఉంటుంది. సూదిని కిందికి దించి, అక్కడినుంచి స్కేలుతో పావు అంగుళం కొలిచి, మిషన్ పలక మీద రంగు టేపు అంటించండి. గుడ్డ అంచు ఆ టేపును రాసుకుంటూ పోవాలి. ముందు రెండు పీలికలు కుట్టి కొలుచుకుని, తర్వాతే అసలు ముక్కలు పట్టండి.

అట్టముక్కతో గీశారా అన్నది రెండో అనుమానం. యాభై సార్లు గీసేసరికి అట్ట మూలలు అరిగి, చివరి ముక్కలు చిన్నవవుతాయి. పాత ఎక్స్-రే ఫిల్మును 5 అంగుళాల చదరంగా కోసి వాడండి, అరగదు. దాన్ని గుడ్డ నిలువు పోగుకు సమంగా పెట్టండి. ఐమూలగా పడితే ఆ ముక్క చేతిలోనే సాగుతుంది.

ఇక ఇస్త్రీ. ముక్కలన్నీ కుట్టేసి చివర్లో చేద్దామనుకుంటే మూలలు కలవవు. మొదటి వరుస కుట్ల మడతలన్నీ కుడికి, రెండో వరుసవి ఎడమకు, మూడోది మళ్లీ కుడికి తిప్పి ఇస్త్రీ చేయండి. రెండు వరుసలను ఎదురెదురుగా పెడితే ఒకదాని మడత ఇంకోదాని మడతకు ఆనుకుని గడియ పడ్డట్టు కూర్చుంటుంది. వేలితో తడిమితే మెట్టు తగలదు. అక్కడే గుండుసూది గుచ్చండి. ఇస్త్రీ పెట్టెను రుద్దకండి, ఎత్తి నొక్కండి. రుద్దితే చదరం సాగి వంకర అవుతుంది.

లోపల ఏం వేయాలి? బజారులో తెల్లటి పాలిస్టర్ వాడింగ్ చూపిస్తున్నారు. బూరుగు దూది వేయమని మా అత్తగారు అంటున్నారు.
– ఒక పాఠకురాలు, చీపురుపల్లి

దూది వద్దు. బూరుగుదైనా, మామూలు పత్తిదైనా నాలుగు ఉతుకులకే ఉండలు కడుతుంది. పసిపిల్లల బొంత రోజు విడిచి రోజు నీళ్లలో పడేదే కదా! వాడింగ్ తేలిక, తొందరగా ఆరుతుంది. కానీ మన ఉక్కపోతకు బిడ్డ వీపు చెమటతో తడిసిపోతుంది. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరే మేలు. జరీ అంచు కోసేసి, మూడు పొరలుగా పరవండి. వానాకాలంలో వాడబోతే రెండే వేయండి, లేకపోతే ఆరదు.

మూడు పొరలూ కలిపి మిషన్ మీద కుడితే కింద గుడ్డ ముడతలు పడుతోంది. అక్కడక్కడ కుట్టు కూడా తప్పుతోంది.
– ఒక పాఠకురాలు, టెక్కలి

మిషన్ పళ్లు కింది గుడ్డను లాగుతాయి, పాదం పై గుడ్డను ఆపుతుంది. మధ్యలో చీర అటూ ఇటూ కదులుతుంది. అందుకే మిషన్ ఎక్కించేముందు టాకాలు తప్పవు. ఈ పనిని మాత్రం తొందర పెట్టకండి. అడుగు గుడ్డను తిరగేసి నేల మీద పరిచి, నాలుగు మూలలా టేపుతో బిగించండి. అది పై బొంత కంటే నాలుగు పక్కలా 2 అంగుళాలు పెద్దదిగా ఉండాలి. మీద చీర పొరలు, ఆపైన అతుకుల గుడ్డ. అరచేత్తో మధ్య నుంచి బయటికి నిమిరి, బెత్తెడు బెత్తెడు దూరంలో పెద్ద పెద్ద టాకాలు వేయండి. మిషన్ కుట్టు కూడా మధ్య గీతతోనే మొదలుపెట్టి రెండు వైపులకూ పోవాలి. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లకు పెంచి, పాదం ఒత్తిడి కాస్త వదులు చేయండి.

కుట్టు తప్పేది అతుకుల మూలల మీదే అయితే 14 నంబరు సూది తీసి 16 వేయండి. మూల వచ్చినప్పుడు పెడల్ ఆపి చక్రాన్ని చేత్తో తిప్పండి.

మిషన్ లేకపోతే విచారించకండి, మన బొంతలన్నీ చేతి కుట్టువే. రెండు వేళ్ల ఎడంతో వరుసగా పరుగు కుట్టు వేసుకుంటూ పోతే ముడతల గొడవే రాదు. దారం ముడిని గట్టిగా లాగి పొరల మధ్యకు దాచండి. పైకి తేలిన ముడిని బిడ్డ నోట్లో పెట్టుకుంటుంది. బొత్తాలు, పూసలు, చెంకీలు అసలు వద్దు. ఎన్ని గుండుసూదులు గుచ్చారో ముందే లెక్క రాసుకుని, తీసేటప్పుడు సరిచూసుకోండి. ఒక్కటి తక్కువైనా బొంతంతా తడిమి చూడాల్సిందే.

పుట్టిన బిడ్డకు ఈ బొంత రాత్రి కప్పవచ్చా?
– ఒక పాఠకుడు, గజపతినగరం

ఏడాది నిండే దాకా వద్దండీ. నిద్రలో ముఖం మీదికి వస్తే తీసుకునే శక్తి బిడ్డకు ఉండదు. మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరిచి, మీ కళ్ల ముందు బోర్లా పడుకోబెట్టి ఆడించడానికి వాడండి.

పైపింగ్ మూలల దగ్గర గుత్తిలా ముద్దవుతోంది.
– ఒక పాఠకురాలు, రాజాం

రెండున్నర అంగుళాల పట్టీలు 4 కోసి, ఐమూలగా అతికి, నిలువునా సగానికి మడిచి ఇస్త్రీ చేయండి. పట్టీకి మడత లేని అంచు బొంత అంచుతో కలిసేలా పై వైపున పెట్టి కుట్టండి. మూలకు పావు అంగుళం ముందే ఆపి దారం తెంపండి. పట్టీని నిటారుగా పైకి మడిచి, మళ్లీ కిందికి దించి, తర్వాతి పక్క అంచు నుంచి కుట్టు మొదలుపెట్టండి. మూలలో చిన్న చెవిలా మడత నిలుస్తుంది. వెనక్కి తిప్పి చేత్తో హెమ్మింగ్ చేసేటప్పుడు అదే కోణంగా సర్దుకుంటుంది. మీకు ముద్ద అవుతున్నది మూల చివరిదాకా కుట్టేయడం వల్లే.